మాయమైన మడమ

ఫిబ్రవరి 2

అర్ధమొగుడు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లో ఉన్న మొగుడు నా మాట వినడం మానేశారు కనుక దూరాన ఉన్న సగానికి మొరపెట్టుకుంటున్నాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవని తెలుసు. పోయినేడు మీ మేనేజరమ్మ గొంతు పెట్టి ఆదివారం కూడా ఆఫీసుకు రావాలని చెప్పాను. నువ్వు నిజంగానే వెళ్లి తాళం వేసిన గేటు ముందు నిలబడ్డావు. ఆ రోజు నుంచి నా గొంతు నమ్మనని, రాతే నమ్ముతానని ఒట్టు పెట్టుకున్నావు. సరే, రాతే తీసుకో. నా చదువు ఎనిమిదితో ఆగింది. ఒత్తులు ఎక్కడైనా జారితే ఏరుకుని చదువుకో.

మన కొట్లో కంప్యూటర్ పోయింది. పొగ లేదు, చప్పుడు లేదు, పాపం మర్యాదగా పోయింది. రిపేరు అతను దాని కడుపులోంచి ఫైళ్లు లాగి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చి, కొయ్య చెక్కే మన మిషనుకు తగిలించాను. మిషను ఉలకదు, పలకదు. దాన్ని నడిపే ప్రోగ్రాం రాలేదట, నువ్వు రాసిన రాత మాత్రమే వచ్చిందట. రాత ఉండీ నడక లేకపోవడం మనుషులకే అనుకున్నాను.

ఇది తమాషాకు రాయడం లేదు. కండక్టరమ్మ ఒకామె ఉంది. తుంటి ఎముక ఆపరేషన్ తర్వాత ఎడమకాలు కురచైంది. ఇరవై ఏడున డిపోలో పరీక్ష. బస్సు మెట్లు ఎక్కాలి, దిగాలి, నడిచే బస్సులో నిలబడాలి. తూలిందా, ఉద్యోగం అక్కడితో సరి. బజారులో దొరికే బూట్లు ఆమెకు పనికిరావు. ఆమె కొలతకు చెక్కతో పాదం అచ్చు చెక్కాలి, దాని మీద తోలు బిగించి బూటు కుట్టాలి. కుట్టడం నా పని, అచ్చు మీ అన్నయ్య పని. ఇదివరకు మిషను చెక్కనిది ఆయన చేత్తో చెక్కేవారు. ఇప్పుడు ఆ చెయ్యి వణుకుతోంది. మిషనును పాత ఇనుము వాడికి ఇచ్చేసి తలుపులు మూసేద్దాం అంటున్నారు.

నేను కండక్టరమ్మకు మాటిచ్చేశాను. ప్రోగ్రాం పంపు.

గొంతు పరపతి పోగొట్టుకున్న
నీ వదిన


ఫిబ్రవరి 6

వదినకు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడ ఆటపట్టిస్తున్నావో వెతకడానికి, రెండోసారి సంగతి కోసం.

ప్రోగ్రాం ఇక్కడినుంచి పంపలేను. నా కంప్యూటర్ జాతి వేరు, అక్కడిది వేరు. ఇక్కడ కట్టింది అక్కడ నడవదు. అక్కడే కట్టాలి, నువ్వే కట్టాలి.

మనం రాసిన రాతను మిషను నేరుగా చదవలేదు. దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చే పనివాడు ఒకడున్నాడు, పేరు సీసీ. నీ కంప్యూటర్‌లో ముందే ఉంటాడు. నల్ల తెర తెరిచి ఒక వరస కొట్టి ఎంటర్ నొక్కితే పనిలోకి దిగుతాడు. నిజానికి వాడు స్వయంగా ఏదీ చేయడు. వెనక నలుగురున్నారు. ఒకడితో రాతలో కలపాల్సినవి కలిపిస్తాడు, ఒకడితో యంత్రానికి దగ్గరి భాషలోకి దింపిస్తాడు, ఒకడితో దాన్ని అంకెలు చేయిస్తాడు, ఆఖరివాడితో ముక్కలన్నీ అతికిస్తాడు. ఆ నలుగురితో నీకు పనిలేదు. సీసీకి చెబితే చాలు.

పెన్‌డ్రైవ్‌లో మనకు కావలసిన ఫైళ్లు రెండు. మడమ ఒకటి, పాదం ఒకటి. కొట్టాల్సిన వరస ఇది: ముందు సీసీ. తర్వాత మైనస్ ఓ. తర్వాత, పుట్టబోయే ప్రోగ్రాంకు పేరు, అచ్చు. తర్వాత మడమ ఫైలు, పాదం ఫైలు. మాటకు మాటకు మధ్య ఒక ఖాళీ. ఇంగ్లీషు అక్షరాల్లో విడి కాగితం మీద రాసి పెట్టాను, చూసి కొట్టు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. అన్నయ్య చెప్పిందే మంచిదేమో. ఆ కండక్టరమ్మకు వేరే చోటు చూపించి మిషను అమ్మేయండి.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 10

సలహాల పుట్టకు,

నీ సీసీ నాకు కొత్తవాడేమీ కాదు. పనివాడన్నావు గానీ వాడు అచ్చం మా అత్తగారు, అంటే మీ అమ్మ. ఆవిడ కాలు కింద పెట్టి ఎరగదు. ఒక కోడలు ఏరాలి, ఒక కోడలు రుబ్బాలి, ఒక కోడలు వండాలి, ఆఖరికి నేను వడ్డించాలి. చుట్టాలొస్తే మాత్రం, అన్నీ నేనే చేశాను తల్లీ అనేది. ఆ నలుగురు కోడళ్లలో ఒకదాన్ని, నాకు సీసీ గురించి పాఠం చెప్పాలా?

వరస కొట్టాను. ఎంటర్ నొక్కాను. సీసీ తెర నిండా గొణిగాడు. ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదివితే తేలింది ఇది: పాదం మడమను పిలుస్తోందట, మడమ ఎక్కడా లేదట. ఎందుకు లేదు, ఇప్పుడే కదా కళ్లారా చూశాను అని పెన్‌డ్రైవ్ తెరిచాను. పాదం ఉంది. మడమ లేదు. మాయం.

అర్థమైంది తల్లీ. గేటు ముందు నిలబడినందుకు బదులు తీర్చుకున్నావు. ఆ కాగితంలో ఏం మంత్రం పెట్టావో గానీ, దెబ్బ గట్టిదే. గురువుకు పంగనామం పెట్టిన శిష్యురాలివి. మెచ్చుకున్నాను. ఇక చాలు, మడమను వెనక్కి రప్పించే వరస పంపు. పాత ఇనుము వాడు రేపో మాపో వస్తానంటున్నాడు. కండక్టరమ్మ కర్ర ఊతంతో వచ్చి కాలి కొలత ఇచ్చి వెళ్లింది.

మిషను అమ్మమన్న మాట చదవలేదు. అక్కడ కాగితం తడిసింది. నేనే తడిపాను.

వదిన


ఫిబ్రవరి 13

వదినా,

ఫైళ్లు వాటంతట అవి మాయం కావు. నేను పంపిన వరసతో అసలే కావు. ఆ వరస నా చేతికి ముప్పై ఏళ్ల అలవాటు.

గేటు సంగతి ఒక్కటేనా? నాకు సన్మానం చేస్తున్నారని లేని సంఘం పేరుతో ఉత్తరం రాశావు, నేను ఉపన్యాసం కూడా తయారు చేసుకున్నాను. బావిలో పిల్లి పడిందని అన్నయ్యను తాడుతో దింపావు, పిల్లి నీ ఒళ్లో ఉంది. ఇప్పుడు మడమ మాయమైందంటున్నావు. నన్ను అక్కడికి రప్పించడానికే ఇదంతా అని నా అనుమానం. నాకు సెలవు లేదు.

మడమ నిజంగా ఉంటే కట్టుకో. లేకపోతే మూసెయ్యండి. అన్నయ్యకు విశ్రాంతి దొరుకుతుంది.

ఆడపడుచు


ఫిబ్రవరి 16

ఆడపడుచు గారికి,

ఈసారి వేళాకోళం లేదు. అలవాటు మీద ఎక్కడైనా దొర్లితే కొట్టేసి చదువుకో.

నాన్నా పులి కథ నాకూ తెలుసు. పులి నిజంగా వచ్చింది. మీ అన్నయ్య ఆ పెన్‌డ్రైవ్ చేతిలో పట్టుకుని, పోతే పోయిందిలే అని లేచి వెళ్లిపోయారు. అలా తేలిగ్గా అనడం ఆయనకు చేతకాదు. నేను పక్కగదిలోకి వెళ్లి చూస్తే కొయ్య అచ్చులన్నీ గుడ్డతో తుడుస్తున్నారు. అమ్మేవాడు తుడుస్తాడా? నువ్వే చెప్పు.

కండక్టరమ్మకు వేరే చోటు చూపించమన్నావు. చూపించాను. వాళ్లు మూడు నెలలు ఆగమన్నారు. పరీక్ష ఆగుతుందా?

అందుకని, నేను ఏం కొట్టానో ఒక్కొక్క మాటా రాస్తున్నాను. తప్పు నాదైతే తిట్టు, నీదైతే ఒప్పుకో. సీసీ అని కొట్టాను, ఖాళీ వదిలాను. మైనస్ ఓ కొట్టాను, ఖాళీ వదిలాను. మడమ ఫైలు కొట్టాను, ఖాళీ వదిలాను. పాదం ఫైలు కొట్టాను. ఎంటర్.

నీ కాగితంలో మధ్యన అచ్చు అని ఇంకో మాట ఉంది. అది పుట్టబోయేదానికి పేరు అన్నావు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకుని దాన్ని వదిలేశాను. ముందు పుట్టనీ, నడవనీ, మొహం చూసి పేరు పెడదాం అనుకున్నాను. మిగతాదంతా నువ్వు రాసినట్టే. ఆ ఒక్క పేరుకే మడమ పోతుందా?

నేను ఈ మిషను నడిపి తీరతాను. నువ్వు చెబితే తొందరగా నడుస్తుంది, చెప్పకపోతే ఆలస్యంగా నడుస్తుంది, అంతే తేడా.

వదిన


ఫిబ్రవరి 18

వదినా,

సోమలింగం దగ్గర పెద్దగా నవ్వాను. పక్క బల్ల ఆవిడ లేచి చూసింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

మైనస్ ఓ తర్వాత ఏ మాట వస్తే అదే పేరనుకుంటాడు సీసీ. వాడికి వేరే ఆలోచన ఉండదు. నువ్వు పేరు వదిలేశావు, ఆ చోటులోకి మడమ వచ్చి కూర్చుంది. కొత్త ప్రోగ్రాం పేరు మడమ కాబోలనుకుని, కొత్తది రాయడానికి పాత మడమను తుడిచేశాడు. ఆ తర్వాత పాదాన్ని అతికించబోతే మడమ కావాలన్నది. ఇంకెక్కడి మడమ.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఫైళ్లకు వేరే చోట కాపీ పెట్టుకోవాలి. అది నీకు చెప్పాల్సింది నేను. ఊపిరి పీల్చమని ఎవరికీ చెప్పం కదా, అలా వదిలేశాను. నిన్ను అనుమానించినందుకు కూడా నన్ను నాలుగు అను.

నా దగ్గర మొట్టమొదట రాసిన మడమ ఉంది, పెన్‌డ్రైవ్‌లో వేసి ఈ కవరులోనే పంపుతున్నాను. కానీ అది రెండు కాళ్లూ సమంగా ఉన్నవాళ్ల మడమ. నేను వచ్చినప్పుడల్లా అన్నయ్య పక్కన కూర్చుని, ఇక్కడ తగ్గించు, అక్కడ పెంచు అంటూ మార్పించినవన్నీ పోయిన ఫైల్లోనే ఉన్నాయి. నాకు గుర్తున్నది ఒక్కటే. కురచ కాలికి మడమ ఊరికే లేపితే చాలదు, లోపలి అంచు, బయటి అంచు ఒకే ఎత్తున ఉండకూడదు. ఎంత తేడా అన్నది అన్నయ్య బొటనవేలికి తెలుసు. అడిగి రాబట్టు.

కొత్త కాగితంలో ఒక మాట కలిపాను. దాంతో సీసీ తనకొచ్చే అనుమానాలన్నీ బయటికి చెబుతాడు. విసుక్కోకుండా చదువు.

నేను అమ్మమన్నది ఎందుకో రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆ మిషనులో తిరిగేది కత్తి. అన్నయ్య చెయ్యి వణికితే ఏమవుతుందో అన్నదే నా భయం. కత్తి దగ్గర ఎవరు నిలబడతారో రాయి.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 23

మరదలు పిల్లకు,

కత్తి దగ్గర నేను నిలబడతాను. ఈ సంగతి మొదటి ఉత్తరంలోనే అడిగి ఉంటే ఇన్ని కాగితాలు మిగిలేవి. నేనేమో నీకు అన్న కొట్టు బరువైందనుకున్నాను. నువ్వేమో నేను ఆయన్ని కత్తికి బలి ఇస్తున్నాననుకున్నావు. ఇద్దరం ఒకే మనిషిని కాపాడబోయి ఒకరినొకరం కుమ్ముకున్నాం.

కాపీ తీశాను. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బీరువాలో. ఈసారి సోమలింగానికి ముందే పేరు పెట్టాను. అచ్చు పుట్టింది. నడిపిస్తే మొదట తెర మీద, కాపీ తీశావా వదినా అని పడింది. పక్కన ఎవరూ లేరు గానీ సిగ్గేసింది. ఆ మడమ ఫైల్లో దొంగతనంగా ఆ ముక్క పెట్టావన్నమాట. బాగుపడతావు. నేను ఆ ముక్క వెతికి, మార్చి, మళ్లీ కట్టాను. ఇప్పుడు మీ అన్నయ్య వైపు తెర తిప్పితే, మీ చెల్లెలు చూస్తోంది, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి అని పడుతుంది.

ఆయన మొదట అసలు కూర్చుంటే కదా. మిషను గదిలోకి రానని భీష్మించుకున్నారు. నీ పాత మడమతో చెక్కిన తొలి అచ్చు బయటికి వచ్చింది. మురిసిపోవాల్సింది పోయి, చూస్తే నాకే ఏడుపొచ్చింది. దాన్ని తీసుకెళ్లి ఆయన మధ్యాహ్నం క్యారేజీ కింది గిన్నెలో పెట్టాను. గిన్నె విప్పారు. నా మీద విసుక్కుంటారనుకున్నాను. నా వైపు చూడనే లేదు. ఆ కొయ్యను వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఇది మనిషి మడమా, మంచం కోడా?" అన్నారు. అన్నం వదిలేసి మిషను గదిలోకి వచ్చారు.

అప్పటినుంచి ఇద్దరం అదే పని. ఆయన కొయ్య మీద బొటనవేలు ఆనించి, ఇక్కడ ఇంత అంటారు. వేలు వణుకుతుంది గానీ చోటు తప్పదు. ఆ ఇంతను నేను స్కేలుతో కొలిచి, ఫైల్లో అంకె మార్చి, సీసీకి చెప్పి, కొయ్య బిగించి, కత్తి తిప్పుతాను. ఆయన దూరంగా కుర్చీలో ఉంటారు. కుర్చీ కాళ్లను నేలకు మేకులేసి కొట్టాను, లేచి ముందుకు జరుపుకోకుండా.

మధ్యలో ఒక తిక్క జరిగింది. బయటి అంచు ఎత్తు పెంచమన్నారు. పెంచాను. చెక్కితే అదే మడమ. ఇంకా పెంచాను. అదే మడమ. మిషను మొండికేసిందని దాన్ని తిట్టాను, తర్వాత కొయ్యను తిట్టాను, మీ వంశాన్ని కూడా కాస్త తిట్టాను. కట్టిన ప్రతిసారీ సీసీ తెర మీద ఏదో ఒక్క వాక్యం గొణుగుతూనే ఉన్నాడు. మా అత్తగారి గొణుగుడు ముప్పై ఏళ్లు విన్న చెవులు కదా, దీన్నీ అలాగే వదిలేశాను. ఇక ఏమీ తోచక ఆ వాక్యం చదివాను. బయటి ఎత్తు అని ఒక పేరు పెట్టారు గానీ దాన్ని ఎక్కడా వాడలేదు అంటున్నాడు. నిజమే. అంకె రాసుకున్నాను గానీ, చెక్కే లెక్కలో ఆ పేరు కలపలేదు. అక్కడ పాత అంకే కూర్చుని ఉంది. పాపం సీసీ మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు. మా అత్తగారు కూడా అప్పుడప్పుడు నిజం చెప్పేదేమో, ఇప్పుడు అనుకుని ఏం లాభం.

నిన్న కండక్టరమ్మ వచ్చి తొలి జత తొడుక్కుంది. కర్ర వదిలి కొట్లో గోడ నుంచి గోడకు నడిచింది. ఆగి, "నిలబెడుతోందమ్మా, కానీ బయటికి తోస్తోంది" అంది. నేను ఇంకా నోరు తెరవకముందే మీ అన్నయ్య బూటు విప్పించి, మడమ వెనక వేలితో ఒక గీత గీశారు. అంటే అచ్చు మళ్లీ చెక్కాలి, తోలు మళ్లీ బిగించాలి, ఎడమది మొత్తం మళ్లీ కుట్టాలి. ఆవిడ మొహం చిన్నబోయింది. పరీక్ష రోజు పొద్దున్నే వచ్చి తీసుకెళ్లమన్నాను, ఆ రోజు కర్ర మాత్రం ఇక్కడే వదిలి వెళ్లాలన్నాను.

పాత ఇనుము వాడు వచ్చాడు. ఇనుము లేదు, పాత మొగుడున్నాడు, తూకం వేస్తావా అన్నాను. వెళ్లిపోయాడు.

కోడళ్లలో ఆఖరిది


ఫిబ్రవరి 25

వదినా,

తోస్తోందన్నది మడమ వెనకనా, పక్కనా? వెనకైతే వాలు తగ్గించు, ఎత్తు ముట్టుకోకు. ఒకేసారి రెండూ మార్చకు. రెండూ మారిస్తే ఏది నయం చేసిందో, ఏది చెడగొట్టిందో నీకే తెలియదు.

ఈ ఉత్తరం పరీక్షకు ముందు చేరుతుందో లేదో. అందుకని సాయంత్రం ఫోన్ చేస్తాను. ఒట్టు గట్టున పెట్టాను. నీ సొంత గొంతుతో ఎత్తు.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 28

మరదలా,

ఫోన్‌లో చెప్పలేనివి ఇందులో రాస్తున్నాను. అక్కడ నువ్వు వాలు, వాలు అంటూనే ఉన్నావు, నన్ను ఎక్కడ మాట్లాడనిచ్చావు.

వాలు ఒక్కటే మార్చాను. కట్టాను, సీసీ కిక్కురుమనలేదు. చెక్కాను. మీ అన్నయ్య కళ్లు మూసుకుని అచ్చును నిమిరి నా చేతికి ఇచ్చారు. దేనికీ వంక పెట్టకుండా ఆయన నాకు ఒక వస్తువు ఇవ్వడం పెళ్లయ్యాక ఇదే మొదలు. తోలు బిగించి కుట్టాను. ఎడమది తెల్లారేసరికి సిద్ధం.

నిన్న పొద్దున్నే కండక్టరమ్మ వచ్చి తొడుక్కుంది. నడవలేదు. పరీక్షలోనే నడుస్తానంది, ఇక్కడ నడిచి తేడా వస్తే ధైర్యం పోతుందట. కర్ర మూలన పెట్టి, గోడ పట్టుకుని మెట్టు దిగి వెళ్లింది. సాయంత్రం వచ్చి చెబుతానంది.

సాయంత్రం రాలేదు. దీపాలు పెట్టాక కూడా తలుపు తీసే ఉంచాను. మీ అన్నయ్య ఆ మూలనున్న కర్రను చూడకుండా చూస్తూ కూర్చున్నారు. వాలు ఇంకాస్త తగ్గించాల్సింది అన్నారు. తప్పితే మళ్లీ చెక్కుదాం, మళ్లీ పరీక్ష పెట్టమని నేనే డిపోకు వెళ్లి కూర్చుంటాను అన్నాను. అన్నాను గానీ నాకూ ముద్ద దిగలేదు.

ఇవాళ పొద్దున నేను గడప ఊడుస్తుంటే బస్సు వచ్చింది. మన కొట్టు ముందు రోడ్డు సంగతి నీకు తెలుసు, గుంటలు తప్పించుకోలేక బస్సులు ఊగుతూ పోతాయి. ఆయన్ని కేకేశాను. వచ్చి నా పక్కన నిలబడ్డారు. కిక్కిరిసిన జనం మధ్య, ఖాకీ చొక్కాలో, ఆవిడే. వచ్చి చెప్పకపోవడానికి కారణం అదే, నిన్నే డ్యూటీ ఎక్కించినట్టున్నారు. మమ్మల్ని చూడలేదు, పనిలో ఉంది. బస్సు ఈ పక్కకు ఒరిగింది, ఆ పక్కకు ఒరిగింది. జనమంతా పైనున్న కడ్డీకి వేలాడుతున్నారు. ఆవిడ రెండు చేతులతోనూ టికెట్లు చింపుతోంది.

నీ వదిన